కెమెరాకు డబ్బిస్తే చాలదు, బటన్‌కు నియమం పెట్టండి: విశాఖ తీరంలోని ఒక జాలరిపేట నుంచి బహిరంగ లేఖ

నగర పోలీసు ఉన్నతాధికారులకు, విశాఖపట్నం నుంచి ఎన్నికైన శాసనసభ్యులకు, రాష్ట్ర హోంశాఖ బాధ్యులకు

నమస్కారం.

నేను ఈ తీరంలోని ఒక జాలరిపేటలో పుట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, విరమణ తర్వాత మళ్ళీ అదే పేటకు వచ్చి ఉంటున్నాను. వేటకు వెళ్ళిన పడవ తిరిగి రాని రాత్రుల్లో మీ సిబ్బంది మావాళ్ళతో పాటు తెల్లవార్లూ ఒడ్డున నిలబడటం నా కళ్ళతో చూశాను. ఆ మాట ముందుగా చెప్పి విషయానికి వస్తాను. గస్తీ పోలీసులకు ఛాతీ మీద పెట్టుకునే బాడీ కెమెరాలు ఇవ్వాలని, అవి ఎప్పుడు ఆన్‌లో ఉండాలో నియమం పెట్టాలని అడగడానికే ఈ లేఖ.

కిందటేడు వేట నిషేధం ముగిసిన కొద్ది రోజులకు, మా పేట కుర్రవాడొకడు పడవ పక్కన వలల కుప్ప మీద నిద్రపోతుండగా రాత్రి ఒంటిగంట దాటాక గస్తీ సిబ్బంది లేపారు. వయసు పంతొమ్మిది. ఎవరిదో పడవ ఇంజిన్ పోయిందట, దాని గురించి అడిగారు. స్టేషన్‌కు తీసుకువెళ్ళి, మర్నాడు పది గంటలకు వదిలిపెట్టారు. ఇంటికి వచ్చేసరికి ఎడమ చెవి వినిపించడం లేదు. కుర్రవాడే ఎదురు తిరిగాడని, పెనుగులాటలో పడవ అంచుకు తల తగిలిందని స్టేషన్ వారి మాట. ఒడ్డున తాను నోరెత్తలేదని, దెబ్బలు పడింది జీపులోనని వాడి మాట. ఇంజిన్ మూడో రోజున వేరేచోట దొరికింది.

ఎవరిది నిజమో నాకు తెలియదు. వాడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే, అబద్ధాలు ఆడగలడని కూడా నాకు తెలుసు. తెలుసుకునే దారి లేకపోవడమే నా ఫిర్యాదు. మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి 'విచారణలో ఆరోపణ రుజువు కాలేదు' అని ఒక్క వాక్యం వచ్చింది. గస్తీ సిబ్బందికి బాడీ కెమెరాలు పెట్టండి, ఇలాంటివి ఎటో ఒకవైపు తేలుతాయి అని మూడోదానిలో రాశాను. దానికి జవాబు రాలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ. స్టేషన్ పేరు, పేట పేరు, నా పేరు ఇందులో రాయడం లేదు. అవన్నీ అర్జీల్లో ఉన్నాయి. ఇక్కడ రాస్తే ఆ కుర్రవాణ్ణి వేలు పెట్టి చూపినట్లవుతుంది.

మా పేటలు నగరంలో భాగమని అందరూ అనుకుంటారు. మ్యాపులో అంతే, బతుకులో మాత్రం అవి దీవులు. మా తీరంలోనే ఉన్న యారాడకు మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం. ఏ పనికి ఊళ్ళోకి రావాలన్నా కొండ ఎక్కి దిగాలి. బీచ్ రోడ్డు పేటలకు కొండలు అడ్డం లేవు గానీ, ముందు సముద్రం ఉంది, వెనక హోటళ్ళ గోడలున్నాయి. చిన్న దీవుల్లో పోలీసుల మీద నమ్మకం కుదరాలంటే ఎదురయ్యే చిక్కు ఇక్కడా ఉంది. ఫిర్యాదు చేసేవాడు, ఎవరి మీద చేశాడో ఆ పోలీసు, చూసిన సాక్షి, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర చేపలు బేరమాడతారు. రేపు ఉదయం మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి.

ఆ రాత్రి సంగతి చూసినవాళ్ళు ముగ్గురున్నారు. ఒకరి పడవ రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. ఇంకొకరి తమ్ముడి మీద పాత కేసు ఉంది, స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టి రావాలి. మూడో ఆవిడ ఎండుచేపలు పరుచుకునే జాగాకు కాగితం లేదు, ఎవరూ లేపకపోతే ఉన్నట్లు. ముగ్గురూ చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చి చూసింది చూసినట్లు చెప్పారు. ముగ్గురి మాటలూ ఒకదానికొకటి పూర్తిగా పొసగలేదని కూడా ఒప్పుకోవాలి. కాగితం మీద మాత్రం ఒక్కరూ వేలు పెట్టలేదు. వాళ్ళను పిరికివాళ్ళని అనను. నేను పింఛను మీద బతుకుతున్నదాన్ని, నాకు ధైర్యం చవక.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా అంటారు. 2020 మే నెలలో ఇదే నగరంలో ఒక ప్రభుత్వ వైద్యుడి చేతులు వెనక్కి కట్టి ఆటో ఎక్కించిన దృశ్యాలు జనం ఫోన్లలోంచే బయటికి వచ్చాయి. ఒక కానిస్టేబుల్ సస్పెండయ్యాడు, హైకోర్టు విచారణను సీబీఐకి అప్పగించింది. ఆ వైద్యుడే మత్తులో ఉండి దూషించారని పోలీసులు అన్నారు. ఇలాంటి గొడవల్లో మొదటి మాట ఎవరు ఎలా అన్నారో ఫోన్లకు చిక్కదు. గొడవ ముదిరాకే ఎవరైనా ఫోను తీస్తారు. పైగా అది పట్టపగలు, నడిరోడ్డు. రాత్రి ఒంటిగంటకు ఇసుక మీద ఎవరు తీస్తారు?

కెమెరా పోలీసులకే ఎక్కువ ఉపయోగపడిన సందర్భాలూ ఇక్కడే ఉన్నాయి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో పదుల పడవలు తగలబడినప్పుడు మొదట అనుమానం ఒక యువకుడి మీదికి పోయింది. ఊరంతా అతని పేరే చెప్పుకుంది. తర్వాత అసలు కారణం వేరని పోలీసులే ప్రకటించారు, వాళ్ళకు దారి చూపినవాటిలో సీసీటీవీ దృశ్యాలున్నాయి. అంతకు ముందు, 2022 జనవరిలో, రింగు వలల (చేపల గుంపును చుట్టేసే పెద్ద వలల) వాడకం మీద తగాదాలో పడవలకు నిప్పు పెట్టారు, పేటల్లో 144వ సెక్షన్ విధించారు. ఆ రోజు పోలీసులు ఎవరి పక్షం వహించారన్నది ఈనాటికీ ఈ పేటలో ఒక కథ, ఆ పేటలో ఇంకో కథ. మధ్యలో నిలబడి రెండు వైపుల నుంచీ తిట్లు తిన్న కానిస్టేబుళ్ళు తమ కథ చెప్పుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

అయితే కెమెరా ఉన్నంత మాత్రాన ఏదో అయిపోతుందని నేను అనుకోవడం లేదు. 2020 జూన్‌లో తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో పోలీసు కస్టడీలో దెబ్బలు తిని తండ్రీకొడుకులు చనిపోయారు. ఆ స్టేషన్‌లో కెమెరాలు ఉన్నాయి. ఒక టెరాబైటు, అంటే సుమారు వెయ్యి గిగాబైట్ల, హార్డు డిస్కూ ఉంది. ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా దాన్ని అమర్చి ఉంచారని విచారణకు వెళ్ళిన మేజిస్ట్రేటు నివేదిక ఇచ్చారు. చివరికి నోరు విప్పింది కెమెరా కాదు, అదే స్టేషన్‌లోని ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్.

బయటి దేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. అమెరికాలోని రియాల్టో అనే చిన్న ఊరిలో 2012లో బాడీ కెమెరాలు పెట్టి చూస్తే, పోలీసుల మీద ఫిర్యాదులు దాదాపు 90 శాతం తగ్గాయి, బలప్రయోగం సగానికి మించి తగ్గింది. ఆ లెక్క చూసి ప్రపంచమంతా కెమెరాలు కొనడం మొదలుపెట్టింది. వాషింగ్టన్ నగరంలో రెండు వేల మందికి పైగా పోలీసులతో చేసి, 2017లో ఫలితాలు వెల్లడించిన పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. ఈ రెండింటి మధ్య ముడి విప్పేది 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు పది చోట్ల ఫలితాలు కలిపి చూసిన లెక్క. కెమెరాను నియమం ప్రకారం ఆన్ చేసి ఉంచినచోట బలప్రయోగం 37 శాతం తగ్గింది. ఎప్పుడు ఆన్ చేయాలో పోలీసు ఇష్టానికి వదిలినచోట 71 శాతం పెరిగింది. తగ్గకపోవడం కాదు, పెరిగింది. లెక్కలు చెప్పుకుని బతికినదాన్ని కనుక ఈ రెండు అంకెలూ నన్ను నిద్రపోనివ్వలేదు. బటన్ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. నియమం లేని కెమెరా మాకు వద్దు.

మా విన్నపాలు ఇవి.

1. తీరప్రాంతపు స్టేషన్లలో రాత్రి గస్తీకి, పడవల తనిఖీకి వెళ్ళే సిబ్బందికి ముందుగా కెమెరాలు ఇవ్వండి, వాటి నిల్వకు, మరమ్మతుకు వేరే పద్దు పెట్టండి. పోలీసు బలగాల ఆధునికీకరణకు కేంద్రం 2021-22 నుంచి 2025-26 వరకు 26,275 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది, అందులో రాష్ట్రాల పోలీసుల ఆధునికీకరణకు 4,846 కోట్లు. ఆధునికీకరణ అన్న మాటలో గస్తీ కానిస్టేబుల్ ఛాతీ మీది కెమెరా ఇమడదా? డబ్బు సంగతి చిన్న లెక్క వేసి చూపిస్తాను. మామూలు నాణ్యతతో గంట వీడియోకు సుమారు ఒకటిన్నర గిగాబైట్లు పడతాయనుకోండి. ఇరవై కెమెరాలు, రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే ఏడాదికి దాదాపు 88 టెరాబైట్లు. జనంతో మాట్లాడే సమయంలోనే ఆన్ చేసి, అది రోజుకు రెండు గంటలు అయితే 22 టెరాబైట్లు. పద్దెనిమిది నెలలకు 33. అదనపు కాపీతో కలిపినా ఇప్పుడు బజారులో దొరికే పెద్ద డిస్కులు నాలుగైదు, చేతిసంచిలో పట్టేస్తాయి. వాటి భద్రతకు, నిర్వహణకు అయ్యే ఖర్చు మాత్రం ఏటా ఉంటుంది. అమెరికాలో చిన్న ఊళ్ళు కొన్ని ఉత్సాహంగా కెమెరాలు కొని, నిల్వ ఖర్చు మోయలేక మూలన పడేశాయి. మాది ఉప్పుగాలి కూడా. ఇంటి కిటికీ ఇనుప చువ్వలే నాలుగేళ్ళు నిలవవు, కెమెరా ఛార్జింగ్ పిన్నులు ఎన్నాళ్ళుంటాయో టెండరు రాసేవారు ఒకసారి ఒడ్డుకు వచ్చి చూసి రాయాలి.

2. బటన్ ఎప్పుడు నొక్కాలో రాతపూర్వకంగా ప్రకటించండి. ఎవరినైనా ఆపిన క్షణం నుంచి, తనిఖీ చేసినప్పుడు, అదుపులోకి తీసుకున్నప్పుడు, వాహనం ఎక్కించి స్టేషన్ గుమ్మం దాటించేదాకా ఆన్‌లోనే ఉండాలి. మా కుర్రవాడి విషయంలో వివాదమంతా ఒడ్డుకూ స్టేషన్‌కూ మధ్య ఆ ఇరవై నిమిషాల జీపు ప్రయాణం గురించే. స్టేషన్ కెమెరా అక్కడికి రాదు, జనం ఫోన్లు రావు. బటన్ నొక్కకముందు కొన్ని క్షణాల దృశ్యాన్నీ దాచుకునే సౌకర్యం ఉన్న కెమెరాలు వస్తున్నాయి, అవే కొనండి. ఆపిన విషయం స్టేషన్ జనరల్ డైరీలో (రోజువారీ నమోదు పుస్తకంలో) ఉండి, దానికి దృశ్యం లేకపోతే, ఎందుకు లేదో ఆ సిబ్బంది అదే రోజు రాసి సంతకం పెట్టాలి. 'బ్యాటరీ అయిపోయింది' అన్న కారణం ఒకే కెమెరాకు మూడోసారి వస్తే పై అధికారి జవాబు చెప్పాలి. దృశ్యం లేనిచోట, ఒంటి మీద గాయం ఉంటే, 'రుజువు కాలేదు' అని ఒక్క వాక్యంతో ఫైలు మూయకూడదు. ఈ ఒక్క నియమం ఒప్పుకోలేకపోతే మిగతా ఆరింటినీ చదవనక్కరలేదు, కెమెరాలూ కొనవద్దు.

3. దృశ్యాలు ఆ స్టేషన్ చేతిలో ఉండకూడదు. గస్తీ ముగిసి కెమెరా ఛార్జింగ్‌లో పెట్టగానే దృశ్యాలు వేరేచోటికి చేరాలి, ఎవరు చూశారో, ఎవరు చెరిపారో నమోదు కావాలి. అన్ని స్టేషన్లలో సీసీటీవీ పెట్టి దృశ్యాలను పద్దెనిమిది నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. గోడ మీది కెమెరాకు ఉన్న గడువే ఛాతీ మీది కెమెరాకూ ఉండాలి. మావాళ్ళు వేట మీద రోజుల తరబడి సముద్రంలో ఉంటారు, అర్జీ పెట్టడానికి నెలలు పడుతుంది. నెల రోజులకే చెరిగిపోయే దృశ్యం మాకు లేనట్లే.

4. కెమెరాలో పడిన మనిషికి ఆ దృశ్యం చూసే హక్కు ఇవ్వండి. అర్జీ పెట్టిన పదిహేను రోజుల్లోగా, ఉచితంగా, ఆ స్టేషన్ కాకుండా వేరే కార్యాలయంలో చూపించాలి. వెంట ఒకరిని తెచ్చుకోనివ్వాలి. దరఖాస్తు తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి. దర్యాప్తుకు అడ్డు వస్తుందని సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్ చూపి తిప్పి పంపడం తేలిక. ఎవరి దర్యాప్తుకు, ఎలా అడ్డు వస్తుందో రాసి నిరాకరించమనండి. పోలీసులు తమకు కావలసినప్పుడు మీడియాకు విడుదల చేసి, మేము అడిగినప్పుడు గోప్యత అంటే కెమెరా ప్రచార సాధనం అవుతుంది.

5. ఆడవాళ్ళ విషయం. మా ఇళ్ళు ఒకటే గది, స్నానం చాటుకు ఒక తడిక. రాత్రి తలుపు తట్టి కెమెరాతో లోపలికి వస్తే ఏమేమి అందులో పడతాయో ఊహించండి. సోదా అయితే తప్పదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం 2024 జూలై 1 నుంచి సోదాలను దృశ్యంగా రికార్డు చేయవలసిందే. సోదా కాకుండా విచారణకు వచ్చినప్పుడు ముందుగా చెప్పాలి, ఇంటివారికి సర్దుకునే వ్యవధి ఇవ్వాలి. లైంగిక దాడి బాధితులు, పిల్లలు మాట్లాడేటప్పుడు వాళ్ళు వద్దంటే ఆపాలి, వాళ్ళు వద్దన్న మాట రికార్డయ్యాకే ఆపాలి. ఈ దృశ్యాలను ముఖాలు పోల్చే యంత్రాలకు ఎక్కించడం గానీ, డీజిల్ రాయితీ, వేట నిషేధ కాలపు సాయం లాంటి పథకాల తనిఖీకి వాడటం గానీ చేయబోమని లిఖితపూర్వకంగా చెప్పండి. పోలీసు వస్తే పేటంతా చిత్రీకరిస్తాడన్న భయం మొదలైతే, ఉన్న కాస్త మాటామంతీ కూడా పోతుంది.

6. కానిస్టేబుళ్ళకూ రక్షణ ఇవ్వండి. మా పేటలోనే ఒక బీటు కానిస్టేబుల్ మీద డబ్బు తీసుకున్నాడని ఎవరో కాగితం రాస్తే, విచారణకు ముందే బదిలీ అయ్యాడు. ఆ రాసినవాడు మావాడే, అప్పు గొడవలో కోపంతో రాశాడని పేటలో అందరికీ తెలుసు. పోలీసుల తరఫున మాట్లాడటానికి మాకూ నోరు రాలేదు, సిగ్గుపడుతూనే రాస్తున్నాను. సిబ్బంది టీ తాగడం, ఇంటికి ఫోను చేసుకోవడం, పై అధికారి మీద గొణుక్కోవడం వంటివి వెతికి శిక్షించడానికి ఈ దృశ్యాలు వాడకూడదు. వాడితే కెమెరాలన్నీ వారం తిరగకుండానే 'చెడిపోతాయి'.

7. కెమెరాలు వచ్చేదాకా ఆగనక్కరలేని పనులున్నాయి. తీరప్రాంతపు స్టేషన్లలో ఇప్పుడున్న సీసీటీవీల్లో ఎన్ని పనిచేస్తున్నాయో, ఎన్ని రోజుల దృశ్యం నిల్వ ఉందో ప్రతి నెలా స్టేషన్ ముందు బోర్డు మీద రాయించండి. అదుపులోకి తీసుకున్నవారికి వైద్యపరీక్ష, బంధువులకు కబురు, సాక్షి సంతకంతో మెమో, ఇవన్నీ అరెస్టు చేసేటప్పుడు పాటించాల్సిన నియమాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1996 నాటి డి.కె.బసు తీర్పులోనివే. వాటికి కెమెరా అవసరం లేదు, కాగితం, కలం చాలు. మా కుర్రవాడి విషయంలో ఈ మూడింటిలో ఏ ఒక్క కాగితమైనా ఉంటే చూపించమని నా మూడో అర్జీలో అడిగాను. అదే మళ్ళీ అడుగుతున్నాను.

ఈ నియమాల ముసాయిదా తయారు చేసేటప్పుడు పేటల వారిని పిలవండి. కార్యాలయానికి రమ్మంటే పెద్దమనుషులు నలుగురు వచ్చి మీకు శాలువా కప్పి వెళ్తారు. అందుకే మీరే రండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కనుక ఆ రోజుల్లో మగవాళ్ళంతా ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఆడవాళ్ళు చేపల గంపలు దించి ఇంటికి చేరేది సాయంత్రం అయిదు తర్వాత. ఆ వేళకు వస్తే ఇద్దరూ దొరుకుతారు. యూనిఫాంలో రండి, ఒక కెమెరా కూడా తీసుకురండి. ఎలా పనిచేస్తుందో, బటన్ ఎక్కడుందో అందరికీ చూపించాలి. ఆ కుర్రవాడూ వస్తానన్నాడు. కుడివైపున కూర్చుని మాట్లాడితే వాడికి వినిపిస్తుంది.

ఇట్లు,
విశాఖపట్నం తీరంలోని ఒక పేట నుంచి,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయురాలు